ఎవరి గోడకి ఎవరు ఒప్పుకున్నారు?

పోయిన ఆదివారం గుంటూరులో నా గదిలో టీవీ చూస్తూ, మంచినీళ్ళ కోసం లేచి దాన్ని ఆపాను. తిరిగి వచ్చేసరికి ఆగిన బొమ్మను పక్కకు నెట్టేసి తెర నిండా పరుపుల ప్రకటన. తెల్లటి పరుపు, దాని మీద గెంతుతున్న పిల్ల, పక్కన నవ్వుతున్న తల్లిదండ్రులు. నేను వాళ్ళని పిలవలేదు. నేను ఆపిన చోట, నేను కొన్న తెర మీద వచ్చి కూర్చున్నారు. కోపంలో నా నోటికి వచ్చిన మాట నాది కాదు.

"లోపల ఏముందో చూపించరా ముందు!"

అది మా ఊరి పరుపుల సాయిబు గారి మాట. ఆయన పోయి మూడు నెలలయింది.

పర్చూరు నుంచి చీరాల పోయే రోడ్డు మీద, మా ఊరి మలుపులో ఆయన ఇల్లు. ముందు గదిలో దూదేకే మిషను, వెనక రేకుల గదిలో ఆయన భార్య మంచం, రోడ్డు వైపు పొడవాటి తెల్ల గోడ. ఊరంతా ఆయన్ని పరుపుల సాయిబు గారనేవాళ్ళు. నేను తాతా అనేవాణ్ణి, ఆమెను మామ్మా అనేవాణ్ణి. నా చదువు పూర్తయిన రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఒరే ఇంజనీరూ" అనేవాడు. ఆ పిలుపులో మెచ్చుకోలు ఎంత ఉందో, ఎగతాళి ఎంత ఉందో నాకు చివరిదాకా తేలలేదు.

ఆయన్ని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేవి మూడు. ఒకటి, కనుబొమ్మల్లో దూది. కనుబొమ్మల్లో, గడ్డంలో, చెవుల అంచున ఎప్పుడూ ఉండేది. మాట్లాడబోయే ముందు కింది పెదవి ముందుకు పెట్టి మీసం మీదికి "ఫూ" అని ఊదుకునేవాడు. ఆ ఊదు వినబడిందంటే ఎవరికో మూడిందని లెక్క. రెండు, గొంతు. ఏళ్ళ తరబడి మిషను చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ మెల్లగా మాట్లాడటం మర్చిపోయాడు. నన్ను "టీ తాగుతావా" అని అడిగితే రోడ్డవతల బడ్డీ కొట్టులోవాళ్ళు "మాకొద్దు తాతా" అని అరిచేవాళ్ళు. మామ్మతో మాట్లాడాలంటే మాత్రం మిషను ఆపి, వెనక గదిలోకి వెళ్ళి, మంచం పక్కన నేల మీద చతికిలబడి, మామూలు మనిషి గొంతుతో మాట్లాడేవాడు. మిషను ఆగిందంటే ఆయన మామ్మ దగ్గరున్నాడని వీధిలో అందరికీ తెలిసేది.

మూడోది అరచేయి. మెత్తగా కనిపించే దేని మీదనైనా అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి నొక్కి వదిలేవాడు. బస్సు సీటు, ఆస్పత్రి మంచం, పక్కింటివాళ్ళ కొత్త సోఫా, ఏదైనా సరే. మా అక్క పెళ్ళిలో స్టేజీ ఎక్కి, అక్షింతలు వేసి, దిగబోతూ ఆగి, పెళ్ళికొడుకు కూర్చున్న ఎర్ర మఖమలు కుర్చీని నొక్కాడు. ఫూ అన్నాడు.

"లోపల గోతాం ముక్కలు!"

సన్నాయివాళ్ళు ఊదడం ఆపారు. మా బావ కంగారుగా లేవబోయాడు.

"నువ్వు కూర్చో నాయనా. అద్దె కుర్చీయేగా. పిల్ల గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పే ఇచ్చాం" అని దిగి భోజనానికి పోయాడు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. పరుపు అంతా కుట్టి, నాలుగో మూల జానెడు వదిలేసేవాడు. కొన్నవాళ్ళు వచ్చాక ఆ మూలలోంచి మోచేతి దాకా చేయి పెట్టించి, అడుగు నుంచి పిడికెడు దూది బయటికి తీయించేవాడు. పైన మంచిది, లోపల మిల్లు చెత్త ఉందేమో వాళ్ళే చూసుకోవాలి. చూసి సరేనన్నాక వాళ్ళ ఎదురుగా దబ్బనంతో మూల కుట్టేవాడు. "ఎందుకు సాయిబూ, నీ మీద నమ్మకమేగా" అన్నా వదిలేవాడు కాదు.

"నమ్మకం నీ దగ్గరుంచుకో. చెయ్యి పెట్టు. మూల కుట్టాక నీ మాటా చెల్లదు, నా మాటా చెల్లదు."

చీరాల నుంచి కారులో వచ్చిన ఒకాయన చొక్కాకి దూది అంటుతుందని చేయి పెట్టనంటే, పరుపు ఇవ్వకుండానే పంపేశాడు. ఆ పెద్దమనిషి కారు మలుపు తిరిగేదాకా చూసి, "గుడ్డివాడికి కూడా అమ్ముతానురా, చూడనన్నవాడికి అమ్మను" అన్నాడు.

మూడేళ్ళ కిందట మామ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది, మెడ తిరగదు. ఎడమ చేయి మాత్రం ఆడేది. రోజంతా వెల్లకిలా పడుకుని రేకుల కప్పు చూసేది. ఆమె పుట్టిల్లు వాడరేవు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి ఒడ్డున, వలలు బాగుచేసుకునేవాళ్ళ మధ్య టీ కొట్టు ఉండేదట. ఒక ఆదివారం నేను ఊరికే నా ఫోన్లో సముద్రం వీడియో పెట్టి ఆమె ముఖం ముందు పట్టుకున్నాను. ఆమె ఎడమ చేత్తో ఫోను పట్టుకుంది. గంటయినా వదల్లేదు. నేను ఫోను లేకుండానే ఇంటికి పోయి సాయంత్రం వచ్చి తీసుకున్నాను.

"ఒరే ఇంజనీరూ, దీన్ని పెద్దగా చూపించేది ఒకటి చూసిపెట్టరా. నీకైతే లోపలి సంగతులు తెలుస్తాయి" అన్నాడాయన.

నాకు జాబితాలు రాయడం అలవాటు. ఉద్యోగమే అది. మిరప బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఏ గదిలో ఎంత చలి ఉంది, ఏ సెన్సరు అబద్ధం చెబుతోంది అని రోజూ గడులు నింపుతాను. టీవీ కోసం పదకొండు గడులు గీశాను. తెర సైజు, రంగు, శబ్దం, రిమోటు బరువు, మరమ్మతు చేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు, ఇలా. తొమ్మిది టీవీలు పోల్చి, మొదటి స్థానంలో నిలిచిన స్మార్ట్ టీవీ కొనిపించాను. పన్నెండో గడి ఒకటి గీసి ఉండాల్సింది. కొన్నాక ఇది ఎవరి మాట వింటుంది? నాకు తట్టలేదు.

మామ్మ మంచానికి ఎదురుగా గోడకి బిగించి మీట నొక్కగానే, తెర మీద ఒకదాని తర్వాత ఒకటి ఆరు పేజీలు వచ్చాయి. ప్రతి పేజీ అడుగున 'అంగీకరిస్తున్నాను'. ఆరు సార్లు నొక్కాను. ఆయన పక్కన నిలబడి టీవీ వీపు మీద అరచేయి ఆనించాడు.

"దీని నాలుగో మూలేదిరా?"

"ఇది పరుపు కాదు తాతా."

"అమ్మే వస్తువేగా?" అన్నాడు. నేను నవ్వి సముద్రం పెట్టాను.

కొన్ని నెలలు బాగానే నడిచింది. సముద్రం మధ్యలో సబ్బులు, స్కూటర్లు వచ్చేవి. మామ్మ కళ్ళు మూసుకునేది, మళ్ళీ అలల చప్పుడు వినబడితే తెరిచేది. తర్వాత ఎప్పుడో టీవీ తనంతట తాను కొత్త సాఫ్ట్‌వేర్ దింపుకుంది. ఆ రోజు నుంచి ఆన్ చేయగానే వచ్చే మొదటి పేజీలో పై సగం ప్రకటనలే, అవీ శబ్దంతో సహా. నాకు తెలుసు. గుంటూరులో అందరి టీవీలూ అలాగే ఉన్నాయి కదా అనుకున్నాను. అందరికీ జరిగేది అన్యాయంలా కనిపించదు. అదే ఆ కంపెనీల ధైర్యం.

పోయినేడు ఏప్రిల్లో, ఆఖరి కోత మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఆయన పరుపు గుడ్డ కోసం చీరాల వెళ్ళాడు. మామ్మకు సముద్రం పెట్టి, పక్కింటావిడకు చెప్పి వెళ్ళాడు. ఆవిడ మధ్యాహ్నం వచ్చి జావ తాగించి, మూతి తుడిచి, తలుపు చేరవేసి పోయింది. తర్వాత కరెంటు పోయి, ఒంటిగంటకు వచ్చింది. టీవీ మళ్ళీ మొదలై, సముద్రం దాకా పోకుండా మొదటి పేజీలో ఆగింది. అక్కడ ఒక పేకాట యాప్ ప్రకటన. ఒకడు గెలిచి కేకలు పెడతాడు, వెనక డప్పులు మోగుతాయి, ముప్పై సెకన్లు. అయిపోగానే మళ్ళీ అదే. మామ్మకు రిమోట్లో అలవాటైన మీట ఒక్కటే, మధ్యలో ఉండేది. సముద్రం ఆగితే అది నొక్కేది. మొదటి పేజీలో అది నొక్కితే ప్రకటన ఇంకా పెద్దదవుతుంది.

ఆయన అయిదింటికి వచ్చాడు. నాలుగు గంటలు, ముప్పై సెకన్లకోసారి. నాలుగు వందల ఎనభై సార్లు. ఈ లెక్క వేయకుండా ఉండటం నా వల్ల కాలేదు.

గుమ్మంలోంచి ఆయనకు కనిపించింది, నిండా దుప్పటి కప్పిన మంచం. ముఖం మీద కూడా దుప్పటి. ఆ ఎండల్లో, ఆ రేకుల కింద. ముఖం కప్పి ఉన్న మనిషిని చూసి ఆయన ఏమనుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. చేతిలోని మూట గుమ్మంలోనే పడేసి వెళ్ళి దుప్పటి లాగాడు. చెమటకి జుట్టంతా తడిసిపోయి, కళ్ళు బిగించి మూసుకుని, ఆమె బతికే ఉంది. తల తిప్పుకోలేని మనిషి, లేవలేని మనిషి, కేకేయలేని మనిషి, తనకున్న ఒక్క చేత్తో చేయగలిగింది చేసింది. దుప్పటి లాక్కుంది.

ఆ ప్రకటన తయారుచేసినవాడికి ఈ మంచం తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియని ఇంట్లోకి అంత గట్టిగా అరుస్తూ దూరడం తప్పు. కొన్న వస్తువు కొన్నవాడి ఇంట్లో కూర్చుని అమ్మినవాడి పని చేయడం తప్పు. దానికి కరెంటు కూడా మనమే ఇవ్వడం మరీ సిగ్గుచేటు.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి మిషను ఆగి ఉంది. టీవీని గోడ మీంచి దింపి, ముందు గదిలో, బడిలో తప్పుచేసిన పిల్లాడిలా గోడ వైపు తిప్పి పెట్టాడు.

ఫూ అన్నాడు. "కూర్చో ఇంజనీరూ. ఒక్క మాట అడుగుతా. నా ఇంట్లోకి పేకాట ఎవడు తెచ్చాడు?"

"టీవీ కంపెనీవాడు తాతా. కొత్త సాఫ్ట్‌వేర్లో వచ్చింది."

"నన్నడిగాడా?"

లేదు అంటే సరిపోయేది. ఆయన కంపెనీని తిట్టేవాడు, నేనూ కలిసి తిట్టేవాణ్ణి. కానీ పక్కింటావిడ నుంచి మా అమ్మ ద్వారా సంగతి తెలిసిన రోజే నేను ఆ ఆరు పేజీలూ వెతికి పట్టుకుని కూర్చుని చదివాను. నాలుగో పేజీలో ఉంది.

"అడిగాడు తాతా. బిగించిన రోజే అడిగాడు. నేనే ఒప్పుకున్నాను."

"నువ్వా?"

"చదవకుండా నొక్కాను. అందరూ అట్లాగే నొక్కుతారు."

"అందరి సంగతి నాకెందుకురా? ఇల్లు నాది. మంచంలో ఉంది నా మనిషి. ఎవరి గోడకి ఎవరు ఒప్పుకున్నారు?"

బడ్డీ కొట్టు దగ్గర టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు.

"ఒప్పుకోకపోతే అది ముందుకి కదలదు తాతా. ఆరుసార్లూ సరే అంటేనే బొమ్మ వస్తుంది."

"మరి అది అడగటం ఎట్లా అయింది? పీక మీద కాలేసి, ఏమంటావ్ అన్నట్టుంది. వాడు దొంగ. నువ్వు తలుపు తీసిపెట్టినవాడివి."

గోడ అన్న మాట ఆయన ఊరికే అనలేదు. ఆ గోడ కథ ఊళ్ళో నాకంటే పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఆదివారాల్లో వాడరేవు స్నానాలకి పోయే కార్లన్నీ ఆ మలుపులో నెమ్మదిస్తాయి కాబట్టి విత్తనాలవాళ్ళకీ పురుగుమందులవాళ్ళకీ ఆ గోడ మీద కన్ను. గోడల మీద రాసే పెయింటర్లకు ఒక మర్యాద ఉంది. ముందు ఇంటివాళ్ళని అడుగుతారు. సరేనంటే గోడంతా తెల్లగా కొట్టి అక్షరాలు రాసి, మిగిలిన మూడు పక్కలకీ సున్నం వేసి పోతారు. వద్దంటే ఇంకో గోడ చూసుకుంటారు. నేను పుట్టకముందు ఒక్కసారి ఆయన సరేనన్నాడు. ఒక మిరప విత్తనం. నిలువెత్తు ఎర్ర కాయ, పక్కన పేరు.

ఆ ఏడు మా ఊరి కౌలు రైతు ఒకతను ఆ విత్తనం వేశాడు. మొక్క ఏపుగా లేచింది, కాపు మాత్రం లేదు. అతను విత్తనాల కొట్టు మీదికి పోలేదు. వచ్చి ఈ గోడ ముందు నిలబడ్డాడు.

"పరుపు మూల తెరిచి చూపించే మనిషివి. నీ గోడ మీద ఉంటే నువ్వు చూసే రాయించావనుకున్నా సాయిబూ" అన్నాడు. తిట్టలేదు. అంతే చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే ఆయన పిడుగురాళ్ల సున్నం తెచ్చి, తొట్టిలో ఉడికించి, గోడంతా కొట్టాడు. కానీ ఆ కాయ వేసింది ఎనామిల్ రంగుతో. దాని మీద సున్నం పట్టదు. వానలు పడగానే పెచ్చులూడి ఎర్రగా బయటికి వచ్చేది. ఆయన మళ్ళీ కొట్టేవాడు. నేను బడికి పోయే రోజుల్లో కూడా ఏటా వానల తర్వాత ఆ కాయ తొడిమ కాస్త కనబడేది, ఆయన నిచ్చెన వేసేవాడు. "గోకి పారేయొచ్చుగా తాతా" అని ఒకసారి అన్నాను. "గోకితే ఒక్కసారికి పోతుంది. ఏడాదికోసారి గుర్తు చేయనీ" అన్నాడు.

ఇప్పుడా గోడ గుర్తొచ్చి తల దించుకున్నాను. తప్పయింది తాతా అన్నాను.

"నాకు కాదు, లోపలికి పోయి ఆమెకు చెప్పు. చెప్పి, వేరే వస్తువు చూడు. ఈసారి మూల తెరిచి చూపించు."

వెళ్ళి చెప్పాను. మామ్మ నా వైపు కళ్ళు తిప్పింది. తర్వాత ఎడమ చేత్తో నా చొక్కా మీది దూది తీసేసింది.

ఆ తర్వాత రాసిన జాబితా ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. పేరు 'సాయిబు గారి టీవీ'. ఒక్కో ఆదివారం ఒక్కో దారి తీసుకెళ్ళి చూపించాను. మొదటిది, అదే టీవీకి నెట్ తీసేయడం. ప్రకటనలు పోయాయి గాని, ఆన్ చేసిన ప్రతిసారీ మొదటి పేజీలో ఆగి నెట్ కలపమని అడిగేది. ఆయన అయిదుసార్లు లెక్కపెట్టి, "కొత్తల్లుడు కూడా ఇన్నిసార్లు అడగడు" అన్నాడు. రెండోది, టీవీ వెనక గుచ్చే పుల్లలాంటి పరికరం, వేరే కంపెనీది, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను. దాని మొదటి పేజీలోనూ ప్రకటనే. "దొంగ మారాడు, కన్నం అదే." మూడోది, ప్రకటనలు రాకుండా నెలనెలా చందా కట్టడం. అప్పుడు వీడియో మధ్యలో రావు, కానీ మొదటి పేజీ వేరేవాడిది, అక్కడ వస్తూనే ఉంటాయి. పైగా చందా షరతుల్లోనే, మున్ముందు కొన్ని ప్రకటనలు చూపవచ్చు అని ఉంది. ఈసారి షరతులు నేను పైకి చదివాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"ఆగాగు. ఈగ వాలకుండా ఉండటానికి ఈగకే జీతమా?"

నాలుగోది, ఇంటి నెట్ పెట్టెలోనే ప్రకటనల దారులు మూసేయడం. నా చదువుకి నచ్చిన పని. తొమ్మిది రోజులు పనిచేసింది. పదో రోజు టీవీ ఇంకేదో దారి కనిపెట్టుకుంది. నేను మళ్ళీ మూస్తానన్నాను. "నువ్వు గుంటూరులో ఉంటావు. అది ఆమె ఎదురుగా ఉంటది. ఎవరు ముందు లేస్తారు?" అన్నాడు. అయిదోది, దుకాణాల్లో పెట్టుకునే ఉత్త తెర. ఒక్కటే అయితే ఇవ్వం అన్నారు.

ఆరోది పెట్టెలో కాకుండా సంచిలో తెచ్చాను. ఒక పాత కంప్యూటర్ మానిటరు, అరచేయంత బోర్డు కంప్యూటరు, చిన్న స్పీకరు, మెమరీ కార్డు. నెట్ లేదు. కరెంటు రాగానే కార్డులో ఉన్న వీడియో తనంతట తానే మొదలవుతుంది, అయిపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. మీట ఒక్కటే. నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే ఆడుతుంది. ఆగినప్పుడు ఆగిన బొమ్మే ఉంటుంది, దాని మీదికి ఎవడూ రాడు.

బోర్డుకి మూత బిగించబోతే ఆపాడు. "ఏది ఎక్కడుందో చూపించి మూయి." కార్డు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇందులో ఏముంటే అదే వస్తుంది తాతా. ఇంకేం లేదు."

"పత్తి గింజంత లేదు" అన్నాడు. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని వేలితో నొక్కాడు కూడా. "సరే. సముద్రం ఎక్కడిది?"

"నెట్లోంచి దింపుతా. ఏదో దేశానిది, చాలా బాగుంటుంది."

"ఏదో దేశానిది ఎందుకురా? వాడరేవులో అయిపోయిందా?"

అలా మా ప్రయాణం మొదలైంది. బండి మీద వెనక ఆయన, చంకలో గొడుగు, చేతిలో ఒక వెదురు కర్ర. తెల్లారేసరికి వాడరేవు చేరాం. ఇసుక నింపిన డబ్బాలో కర్ర గుచ్చి, దానికి నా ఫోను కట్టాం. రెండు గంటలు సముద్రం తీయాలి. పడవలు లోపలికి పోతున్నాయి, ఎండుచేపలు పరుస్తున్నారు. ఆదివారం కాబట్టి ఎనిమిదింటికల్లా జనం దిగారు. ఒక కుటుంబం సరిగ్గా ఫోను ముందుకు వచ్చి సెల్ఫీలు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆయన గొడుగు ఎత్తాడు.

"అడ్డం రాకండి! మా ఇంటావిడ చూస్తంది!"

వాళ్ళు బెదిరి చుట్టూ చూశారు. ఇంటావిడ ఎక్కడా కనపడలేదు. ఎండుచేపలు తిరగేస్తున్న ఆమె నడుం మీద చేయి పెట్టుకుని అడిగింది, "ఎక్కడుంది తాతా మీ ఇంటావిడ?"

"ఇంట్లో."

"ఇంట్లో ఉండి ఎట్టా చూస్తంది?"

"చూస్తంది. మీ చేపల కంపు తప్ప అన్నీ చూస్తంది."

"కంపా? ఆమెని తీసుకొచ్చి అడుగు, కంపంటదో ఏమంటదో!"

ఆయన నవ్వలేదు. "అదీ నిజమే. ఆమెది ఈ ఊరే" అన్నాడు.

ఆ మాటలన్నీ వీడియోలో పడ్డాయి. అలల మీదుగా ఆయన గొంతు పిడుగులా వినబడుతుంది. కోసేస్తానన్నాను. మామ్మ ముందు పెట్టి చూపించాం. ఆయన అరుపు రాగానే ఆమె ఎడమ మూతి కదిలింది. అది నవ్వే అని ఆయన అన్నాడు, నాకూ అలాగే అనిపించింది. కోయలేదు. ఏడాదిపాటు ఆ గదిలో వాడరేవు ఆడింది. కరెంటు పోయినప్పుడల్లా ఆగింది, వచ్చినప్పుడల్లా తానే మొదలైంది.

టీవీ అమ్మేద్దామన్నాను. ఒప్పుకోలేదు. "ఇంకొకళ్ళ మంచం ఎదురుగా పెట్టిస్తావా? ఒప్పుకుంది నువ్వేగా, తీసుకుపోయి నువ్వే చూడు" అన్నాడు. ఇప్పుడు గుంటూరులో నా గదిలో ఉన్నది ఆ టీవీయే. పోయిన ఆదివారం పరుపులు చూపించింది అదే.

ఆయన ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, మిషను పక్కన బల్ల మీద కూర్చుని, అలాగే వాలిపోయాడు. మిషను ఆగి ఉండటంతో మామ్మ దగ్గరున్నాడనుకుని వీధిలో ఎవరూ లోపలికి తొంగి చూడలేదు. దుకాణంలో ఒక పరుపు నాలుగో మూల తెరిచే ఉంది.

నలభయ్యో రోజు భోజనాలకి నేను వెళ్ళాను. చీరాల నుంచి వచ్చి తల్లి దగ్గరే ఉంటున్న కూతురు, నాకు పిన్ని వరస, నాకు వడ్డిస్తోంది. గేటు దగ్గర ఒక పెయింటరు సైకిలు ఆపాడు. హ్యాండిలుకి రంగు డబ్బాలు, వెనక నిచ్చెన. ఈ వైపు కొత్తవాడు.

"అమ్మా, గోడ గురించి అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?"

ఏం రాస్తావని పిన్ని అడిగింది. పత్తి మందు అన్నాడు. ఇంటి చుట్టూ సున్నం కూడా వేస్తానన్నాడు. గోడ నిజంగానే మాసిపోయి ఉంది. ఈ ఏడు వానల తర్వాత నిచ్చెన వేసే మనిషి లేడు. పిన్ని నా వైపు చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఒకసారి వాళ్ళని అడగకుండా ఒప్పుకున్నవాణ్ణి.

"మామ్మని అడుగు పిన్నీ" అన్నాను.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. సముద్రం ఆడుతోంది. పిన్ని మంచం పక్కన నేల మీద కూర్చుని, వాళ్ళ నాన్న కూర్చున్న చోటే, మెల్లగా చెప్పింది. "అమ్మా, గోడ మీద మందు పేరు రాస్తారంట. రాయమందామా?"

మామ్మ ఎడమ చేయి కదిలింది. దుప్పటి అంచు వెతుక్కుని పట్టుకుంది. లాగి ముఖం మీద కప్పుకుంది.

పిన్ని దుప్పటి సర్ది బయటికి వచ్చింది. "అమ్మ వద్దంటోంది బాబూ."

పెయింటరు గోడనీ, కార్లు పోతున్న మలుపునీ చూసుకున్నాడు. వదులుకోబుద్ధి కాలేదు. "ఒక్క గోడేగా అమ్మా. పక్క ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారు" అంటూ నిచ్చెన తాడు విప్పసాగాడు.

లోపలి నుంచి అలల మీదుగా పెద్ద గొంతు వినబడింది. "అడ్డం రాకండి! మా ఇంటావిడ చూస్తంది!"

పెయింటరు ఉలిక్కిపడి తాడు వదిలేశాడు. "ఇంట్లో పెద్దాయన ఉన్నాడని చెప్పొద్దా అమ్మా" అని పిన్నితో అని, గుమ్మం వైపు తిరిగి చేయెత్తాడు.

"పోతన్నా తాతా, పోతన్నా" అన్నాడు. తాడు మళ్ళీ బిగించి కట్టుకుని, సైకిలు తిప్పుకుని పోయాడు.